ఎంజైమ్‌ను ఆపే మాత్రా, ఎంజైమ్ క్యాప్సూలా? కాలి పుండుకు ఏది మంచిది?

ప్రశ్న: మాది గూడూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చేశాం, పెరంబూరులో ఉంటాం. టి.నగర్‌లో ఒక పెద్ద చీరల షాపులో పదహారేళ్ళుగా సేల్స్‌లో చేస్తున్నాను. నాకు 47 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి చాలా ఏళ్ళయింది. మా అమ్మకూ అలాగే ఉండేది. ఈ మధ్య చీలమండకు లోపలి వైపు, కొంచెం పైన, చర్మం నల్లబడి దురద మొదలైంది. గోకితే రూపాయి బిళ్ళంత పుండు పడింది. రెండు నెలలైనా మానడం లేదు. షుగర్ లేదన్నారు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాను. బయోటెక్నాలజీ చదువుతున్న మా ఆడపడుచు కొడుకు "అత్తా, నీ కాలిలో ఎంజైమ్‌లు ఎక్కువై నరం గోడను, చర్మాన్ని తినేస్తున్నాయి, వాటిని ఆపడానికి డాక్సీసైక్లిన్ పనికొస్తుందట" అంటాడు. షాపులో నాతో పనిచేసే ఆమె మాత్రం తను వాడే ఎంజైమ్ క్యాప్సూల్స్ సీసా తెచ్చి ఇచ్చింది, నరాల్లో అడ్డు కరిగిపోతుందట. ఒకరేమో ఎంజైమ్‌ను ఆపమంటారు, ఇంకొకరు మింగమంటారు. ఎవరి మాట వినాలి? షాపులో కూర్చుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు చేయాల్సింది చెబుతాను. ప్రస్తుతానికి ఆ రెండూ వద్దు. మీ పుండుకు కావలసింది సరైన పద్ధతిలో, సరైన బిగువుతో కట్టే కట్టు. దాని తర్వాత ఒక డాప్లర్ స్కాన్, అంటే రక్తం ఎటు పారుతోందో చూసే స్కాన్. ఎంజైమ్‌ల గురించి మీవాడు చెప్పింది చాలావరకు నిజమే. కాకపోతే వాటిని ఆపే దారి మాత్ర ఒక్కటే అనుకున్నాడు, అక్కడే పొరబడ్డాడు.

కాళ్ళలోని చెడు రక్తం గుండె దాకా ఎదురెక్కాలి. పైకి తోసేది పిక్క కండరం, మళ్ళీ కిందికి జారకుండా ఆపేవి సిరల్లోని (మీరు నరాలు అంటున్నవి ఇవే) కవాటాలు, అంటే ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులు. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు పాదం దగ్గర సిరలో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడక మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది 30 కన్నా కిందికి దిగుతుంది. కవాటాలు పాడైనవాళ్ళకు నడిచినా అంతగా దిగదు. మీరు పొద్దున పది గంటల నుంచి రాత్రి దాకా కౌంటర్ వెనక నిలబడి, రైల్లో కూడా సీటు దొరక్క నిలబడే ఇంటికి చేరుతారు. అంటే రోజులో ఎక్కువ భాగం మీ చీలమండ దగ్గర ఆ ఒత్తిడి తగ్గే అవకాశమే లేదు. పుండు కూడా సరిగ్గా అక్కడే, చీలమండకు లోపలి వైపు పైనే పడింది. సిరల జబ్బు పుళ్ళు ఎక్కువగా వచ్చే చోటు అదే.

ఇక ఎంజైమ్‌లు. సిర గోడకు గట్టిదనం కొలాజెన్ వల్ల, సాగే గుణం ఎలాస్టిన్ వల్ల వస్తుంది. ఈ పీచు పదార్థాలను కత్తిరించే ఎంజైమ్‌ల కుటుంబం ఒకటుంది. మ్యాట్రిక్స్ మెటాలోప్రొటీనేజ్‌లు అంటారు, పొట్టిగా ఎమ్ఎమ్‌పీలు. అవి పని చేయాలంటే జింక్ ఉండాలి. మనిషిలో ఇరవైకి పైగా రకాలున్నాయి. వీటిలో మొదటిది బయటపడింది కప్ప పిల్ల తోకలో. తోకకప్ప పెరిగి కప్ప అయ్యేటప్పుడు ఆ తోక ఎలా కరిగి మాయమవుతుందో చూద్దామని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తోక ముక్కలను కొలాజెన్ జెల్ మీద పెంచితే, ముక్క చుట్టూ జెల్ కరిగిపోయింది. అంటే ఇవి పుట్టుకతో దుర్మార్గపు ఎంజైమ్‌లేమీ కావు. గాయం మానాలన్నా, కాన్పు తర్వాత గర్భసంచి మామూలుగా కావాలన్నా ఇవి ఉండాల్సిందే. పాత పీచును కత్తిరించి తీసేస్తేనే కదా కొత్తది అల్లుకునేది.

అందుకే శరీరం వాటిని విచ్చలవిడిగా వదలదు. ముందు నిద్రాణ రూపంలో తయారుచేస్తుంది. అవసరమైనప్పుడు వేరే ఎంజైమ్‌లు వచ్చి ఓ ముక్క కోస్తేనే అవి మేలుకుంటాయి. మేలుకున్నాక పట్టి ఆపడానికి టింప్‌లు అనే నాలుగు రకాల నిరోధకాలున్నాయి. పాత ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు గునపం పట్టిన కూలీలూ ఉండాలి, ఇక చాలు ఆపండి అనే మేస్త్రీ కూడా ఉండాలి. మేస్త్రీ లేకపోతే పక్క గది గోడ కూడా పోతుంది.

ఎక్కువ కాలం ఒత్తిడి పెరిగితే ఈ లెక్క తప్పుతుంది. ఎలుకల పొట్టలోని పెద్ద సిర ముక్కను గంటల తరబడి సాగదీసి ఉంచిన ప్రయోగాల్లో 2, 9 నంబర్ల ఎమ్ఎమ్‌పీలు పెరిగాయి, సిర ముడుచుకునే శక్తి తగ్గింది. గోడను తినడానికి ముందే ఈ ఎంజైమ్‌లు అక్కడి కండరాన్ని సడలిస్తాయని కూడా తేలింది. సిర సడలి వెడల్పయితే కవాటాల రెక్కలు ఒకదానికొకటి అందవు, రక్తం కిందికి జారుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, మరిన్ని ఎంజైమ్‌లు వస్తాయి. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

తెల్ల రక్తకణాలది ఇంకో కథ. కాళ్ళు కిందికి పెట్టి చాలాసేపు కూర్చున్నా, నిలబడినా, పాదాల దాకా వెళ్ళిన తెల్లకణాల్లో కొన్ని తిరిగి రావడం లేదని 1980లలో గమనించారు. అవి సన్నని రక్తనాళాల లోపలి పొరకు అతుక్కుని, గోడ దాటి చర్మం కిందికి చేరతాయి. వాటి దగ్గరా ఎలాస్టేజ్ లాంటి కోత ఎంజైమ్‌లుంటాయి. ఎర్ర రక్తకణాలు కూడా ఒత్తిడికి బయటికి కారి అక్కడే చితికిపోతాయి. వాటిలోని ఇనుము చర్మంలో పేరుకుంటుంది. మీ చీలమండ దగ్గర కనిపించే ఆ నలుపు చాలావరకు ఆ ఇనుమే. ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోదు, రుద్దకండి కూడా. ఆ ఇనుము ఊరికే ఉండదు, మంటను రాజేసి ఎమ్ఎమ్‌పీలను ఇంకా రెచ్చగొడుతుంది.

ఇంతదాకా విన్నాక ఆ అబ్బాయికి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆపరేషన్‌లో తీసిన ఉబ్బిన సిరలను పరీక్షిస్తే అన్ని ల్యాబులకూ ఒకే ఫలితం రాలేదు. కొన్నింటిలో ఎంజైమ్‌లు పెరిగాయి. కొన్నింటిలో అందుకు భిన్నంగా నిరోధకమైన టింప్ పెరిగి, ఎమ్ఎమ్‌పీ తగ్గింది. ఒకే సిరలో పై భాగానికీ కింది భాగానికీ కూడా తేడాలున్నాయి. నా మటుకు నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. కొన్నిచోట్ల గోడ పలచబడి, ఇంకొన్నిచోట్ల పీచు పేరుకుని గట్టిపడటం ఈ జబ్బులో మామూలే. కాబట్టి సిర ఉబ్బే దశలో 'ఎంజైమ్ ఎక్కువైంది, ఆపేద్దాం' అన్నంత సులువైన లెక్క కాదు.

పుండు పడ్డాక మాత్రం కథ తేటగా ఉంటుంది. మానని పుండు నుంచి ఊరే రసిలో ఈ కోత ఎంజైమ్‌లు బాగా ఎక్కువగా, టింప్‌లు తక్కువగా కనిపిస్తాయి. కొత్తగా అల్లుకునే పీచునే కాదు, పుండు మానడానికి శరీరం పంపే పెరుగుదల కారకాలను కూడా అవి తినేస్తాయి. పుండు మానే దారిలో పడిందంటే ఆ రసిలో ఎంజైమ్‌ల జోరు కూడా తగ్గుతుంది. మీ దూది రోజూ తడిసి పసుపు మరక పడుతోందంటే అందులో ఉన్నది ఉత్త నీరు కాదన్నమాట.

డాక్సీసైక్లిన్ సంగతికి వద్దాం. అది యాంటీబయాటిక్. సూక్ష్మక్రిములను చంపడంతో సంబంధం లేకుండా ఎమ్ఎమ్‌పీలను అణిచే గుణం కూడా దానికుంది, ఇది నిజం. 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో రోజుకు రెండుసార్లు వాడే మాత్రకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ అది చిగుళ్ళ జబ్బుకు. కాలి సిరల జబ్బుకు కాదు. సిరల మీద జరిగినవి చిన్న ప్రయత్నాలే, వాటిని నమ్మి నెలల తరబడి వేసుకోమని చెప్పలేను. మందుల షాపులో మామూలుగా చేతిలో పెట్టేది 100 మిల్లీగ్రాములది. దాన్ని ఊరికే మింగుతూ పోతే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. పైగా చెన్నై ఎండకు చర్మం కందిపోతుంది. సరిపడా నీళ్ళు తాగకుండా వేసుకుని వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండవుతుంది.

ఎమ్ఎమ్‌పీలన్నిటినీ గంపగుత్తగా ఆపేస్తే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. 1990లలో క్యాన్సర్ కోసం మారిమాస్టాట్ అనే నిరోధకాన్ని రోగుల మీద పరీక్షించారు. క్యాన్సర్‌కు ఆశించిన ఫలం దక్కలేదు సరికదా, చాలామందికి కీళ్ళు, కండరాలు పట్టేశాయి, భుజాలు లేపలేకపోయారు. అవసరమైన చోట కూడా కూలీలను ఆపేస్తే జరిగేది అదే.

మీ తోటి ఆమె ఇచ్చిన క్యాప్సూల్స్ వేరే సంగతి. సీసా మీద ఏం రాసుందో మీరు చెప్పలేదు. సాధారణంగా ఇలాంటి వాటిలో ఉండేవి సోయా గింజలు పులియబెట్టి తీసే నాటోకైనేజ్, అనాస నుంచి తీసే బ్రోమెలైన్, సెర్రాషియోపెప్టిడేజ్ లాంటివి. ఇవి అడ్డు కరిగిస్తాయని అమ్ముతారు. కానీ మీ సిరలో కరిగించాల్సిన అడ్డేమీ ఉందని ఎవరూ తేల్చలేదు. మీ సమస్య లక్షణాలను బట్టి చూస్తే కవాటం మూసుకోకపోవడం. మూయని తలుపును మింగిన ఎంజైమ్ మూయలేదు. నాటోకైనేజ్ లాంటివి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించే అవకాశం ఉంది కాబట్టి ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు, రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్ళు అసలే ముట్టకూడదు. ఆమె వయసెంత, ఇంకేం మందులు వాడుతోందో ఓసారి అడగండి, ఆమెకు కూడా ఈ మాట పనికొస్తుంది.

ఇక మందులే వద్దా అంటే, కొన్ని ఉన్నాయి, తోడుగా. డయోస్మిన్, హెస్పెరిడిన్ కలిపిన మాత్ర, పెంటాక్సిఫిలిన్, సులోడెక్సైడ్. యూరప్ రక్తనాళాల సర్జన్ల 2022 మార్గదర్శకాలు వీటిని పుండుకు కట్టుతో పాటు వాడడం ఆలోచించవచ్చని చెప్పాయి. గమనించండి, కట్టుతో పాటు, కట్టు బదులు కాదు. సులోడెక్సైడ్ ల్యాబులో తెల్లకణాల నుంచి 9వ నంబరు ఎమ్ఎమ్‌పీ విడుదలను తగ్గించింది కూడా. ఏది మీకు నప్పుతుందో చూసిన డాక్టరే చెప్పాలి. ఎంజైమ్‌లను పీల్చుకునే కొలాజెన్ డ్రెస్సింగులు కూడా అమ్ముతారు, ధర ఎక్కువ, రుజువు తక్కువ. ఆ డబ్బు కట్టుకు పెట్టండి.

కట్టుకు నేనింత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. పుండు దగ్గరి కణజాలాన్ని కట్టు మొదలుపెట్టక ముందోసారి, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి తీసి కొలిచి చూశారు. కట్టు కట్టాక కోత ఎంజైమ్‌లు చాలావరకు తగ్గాయి, బాగా తగ్గినవాళ్ళలో పుండు త్వరగా మానింది. ఏ మాత్రా లేకుండానే. బయటి నుంచి పడిన ఒత్తిడికి సిర ముడుచుకుంటుంది, నీరు దిగుతుంది, తెల్లకణాలు అతుక్కోవడం తగ్గుతుంది. మీవాడు వెతుకుతున్న నిరోధకం ఆ గుడ్డ చుట్టలోనే ఉంది.

అయితే మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజ్ తెచ్చి మీరే చుట్టుకుంటే చాలదు. అది కొన్ని గంటల్లో వదులైపోతుంది. పుండున్నప్పుడు చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి వచ్చేలా, కాలి వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింది దాకా, పొరలు పొరలుగా, అలవాటున్న నర్సు కట్టాలి. వారానికి ఒకటి రెండుసార్లు మారుస్తారు. ముందుగా ధమనుల్లో (గుండె నుంచి కాలికి మంచి రక్తం తెచ్చే నాళాల్లో) రక్తం సరిగా ఆడుతోందో లేదో చూడటం తప్పనిసరి. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే ధమనుల జబ్బు ఉన్నట్టు, 0.6 కన్నా దిగితే ఇలాంటి బిగువు కట్టు ప్రమాదం. ఈ పరీక్ష చేయకుండా ఎవరైనా గట్టిగా చుడతానంటే వద్దనండి.

పుండు మానాక స్టాకింగ్స్, అంటే కాలిని బిగువుగా పట్టే మేజోళ్ళు. పొద్దున మంచం దిగకముందే, వాపు రాకముందే తొడుక్కోవాలి, రాత్రి పడుకునేటప్పుడు తీయాలి. కొలత కూడా పొద్దునే తీయించుకోండి. కత్తిరి ఎండల్లో చెమటకు చిరాకు పుడుతుంది, నాకు తెలుసు. మోకాలి దాకా వచ్చేది చాలు, తొడ దాకా అక్కర్లేదు. చీర కింద ఎవరికీ కనబడదు కూడా.

డాప్లర్ స్కాన్‌కు వెళ్ళినప్పుడు నిలబెట్టి చేయమని అడగండి. పడుకోబెట్టి చూస్తే రక్తం వెనక్కి జారడం సరిగా తెలియదు. చర్మానికి దగ్గరగా ఉండే సిరల్లో అర సెకను కన్నా ఎక్కువసేపు వెనక్కి పారితే కవాటం పాడైనట్టు లెక్క. అలా తేలితే లేజర్‌తోనో రేడియో తరంగాలతోనో ఆ సిరను లోపలి నుంచే మూసేస్తారు. మత్తు ఆ చోటుకే ఇస్తారు, అదే రోజు నడిచి ఇంటికి వెళ్ళవచ్చు. పుండు మానేదాకా ఆగి చేద్దామని కొందరు అంటారు. బ్రిటన్‌లో 450 మంది మీద చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో, కట్టుతో పాటు రెండు వారాల్లోపే సిర మూసినవాళ్ళలో సగం మందికి పుండు మానేసరికి 56 రోజులు, ఆలస్యంగా చేసినవాళ్ళలో సగం మందికి మానేసరికి 82 రోజులు పట్టింది. కాబట్టి వాయిదా వేయకండి. ఖర్చు భయమైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో రక్తనాళాల సర్జరీ విభాగం ఉంది. పెరంబూరు నుంచి మీరు రోజూ దిగే స్టేషనే కదా.

ఆమ్లోడిపిన్ గురించి కూడా అక్కడ చెప్పండి. ఆ మాత్ర వల్లే చాలామందికి చీలమండలు వాస్తాయి. మీకూ వాపు ఉంటే అందులో దాని వాటా ఎంతో తెలియదు, బీపీ డాక్టరు కావాలంటే వేరే మాత్రకు మార్చగలరు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

పుండు మీద పసుపు, ఆకు పసరు, దుర్వాసన వస్తోందని యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు వద్దు. సిరల జబ్బున్న చర్మానికి ఇలాంటి వాటితో ఎలర్జీ ఇట్టే వస్తుంది. ఉప్పు నీళ్ళతోనో శుభ్రమైన కుళాయి నీళ్ళతోనో కడిగితే చాలు. చుట్టూ పొడిబారిన చర్మానికి వాసన లేని వ్యాజిలైన్ రాయండి. రాత్రి మంచం కాళ్ళ వైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించండి, దిండు అయితే నిద్రలో జారిపోతుంది.

షాపు విషయం. తమిళనాడు ప్రభుత్వం 2021లో దుకాణాల చట్టాన్ని సవరించింది. పనిచేసేవాళ్ళందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలి, వీలు చిక్కినప్పుడు వాళ్ళు కూర్చోవచ్చు, పనిగంటలంతా నిలబెట్టకూడదు. చట్టం ఉన్నంత మాత్రాన సూపర్‌వైజర్ మారిపోడని మీకు నాకంటే బాగా తెలుసు. ఒక్కరే అడిగితే కోపం మీ మీదికి వస్తుంది. మీ సెక్షన్‌లో నలుగురైదుగురు కలిసి అడగండి, డాక్టరు చీటీ ఉంటే దాన్నీ జత చేయండి. అది తేలేలోపు కౌంటర్ వెనక మడమలు లేపి దించడం అలవాటు చేసుకోండి. చీర మడత విప్పి కస్టమర్‌కు పరిచేటప్పుడు, ఆమె కొంగు చూసుకుంటున్నంతసేపు, పది పదిహేను సార్లు. పిక్క బిగిసిన ప్రతిసారీ రక్తం పైకెక్కుతుంది. నిశ్చలంగా నిలబడటమే అసలు శత్రువు. కుర్చీలో కాళ్ళు వేలాడేసి గంటలు కూర్చున్నా పెద్ద లాభం లేదు.

సరైన కట్టు కట్టినా మూడు నెలలకు పుండు అంచులు కదలకపోతే, లేదా అంచు లేచి గట్టిపడితే, ముక్క తీసి పరీక్షకు పంపమనండి. ఏళ్ళ తరబడి ఉన్న పుండులో అరుదుగా క్యాన్సర్ వస్తుంది.

రెండు సందర్భాల్లో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పుడితే లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆయాసం, గుండెలో నొప్పి కూడా తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. రెండోది, ఉబ్బిన సిర చిట్లి రక్తం కారడం. చూడటానికి భయం పుట్టేలా కారుతుంది. వెంటనే నేల మీద పడుకుని కాలు గోడకు ఆనించి పైకెత్తండి, శుభ్రమైన గుడ్డ పెట్టి వేలితో గట్టిగా పది నిమిషాలు అదిమి పట్టమనండి, మధ్యమధ్యలో తీసి చూడకుండా. పైన తాడు, చున్నీ బిగించి కట్టవద్దు, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఈ మాట ఇంట్లోవాళ్ళకూ, షాపులో మీ పక్క కౌంటర్ ఆమెకూ ముందే చెప్పి ఉంచండి.